మాట మధ్యలో కాల్షియం

మరాఠీ రాష్ట్రం అంచున, ఏటి ఒడ్డున ఉన్న మా సిరోంచలో ఎవరైనా మాట మధ్యలో ఆగిపోతే ఊరంతా ఒకటే కారణం చెబుతుంది, భాష. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఆఫీసులో హిందీ, అంగడిలో సగం గోండి. ఇన్ని భాషలు నోట్లో పెట్టుకుని తిరిగేవాళ్లకు ఎక్కడో ఒకచోట మాట తట్టకపోవడం మామూలే. అందుకని ఎవరైనా నోరు తెరిచి అలాగే ఉండిపోతే పక్కవాడు ఒక తెలుగు మాటో మరాఠీ మాటో అందిస్తాడు, అందించినందుకు తనను తానే మెచ్చుకుంటాడు. గుండెపోటుతో ఆగిన మనిషికి కూడా మావాళ్లు ముందు మాటే అందిస్తారని నా నమ్మకం.

మా అన్న కూతురు నాలుగో తరగతిలో ఉండగా అలా ఆగడం మొదలుపెట్టింది. "అమ్మా, ఇయ్యాల బడిల" అని అంతటితో ఆగేది. కళ్లు తెరిచే ఉండేవి, రెప్పలు మాత్రం సన్నగా కొట్టుకునేవి. నాలుగైదు ఊపిరులు తీసేంతసేపు అలా ఉండి, "బడిల పటం గీయించిండ్రు" అని ఏమీ జరగనట్టే ముగించేది. పడిపోవడం లేదు, నురగ లేదు, వణుకు లేదు, కాబట్టి జబ్బు లేదు. మా ఊరి వైద్యశాస్త్రం ఇంతే. మనిషి నేల మీద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటే తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడానికి ఇల్లిల్లూ కదిలి వస్తుంది. నిలబడి ఉన్న పిల్ల కళ్ల ముందే లేకుండా పోతే మాత్రం ఎవరికీ కనిపించదు.

బడిలో వాళ్ల సారు అచ్చ మరాఠీ ఊళ్లున్న చామోర్షి వైపు నుంచి వచ్చినవాడు. మరాఠీ కానిదంతా దగ్గు, తుమ్ము లాంటిదని ఆయన ఉద్దేశం. పిల్లను లేపి ఎక్కం చెప్పమనేవాడు. పిల్ల గడగడా చెబుతూ ఒకచోట ఆగేది, ఒక్కోసారి అడిగిన ప్రశ్నే విననట్టు నిలబడేది. ఆయన స్కేలుతో అరచేతి మీద కొట్టేవాడు. కొట్టకూడదని ప్రభుత్వం చెప్పిందట, ఆయనకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. చివరికి మా అన్నను పిలిపించి తీర్పు చెప్పాడు. తెలుగు ఇంటి పిల్లలతో ఎప్పుడూ ఇదే గొడవ, మరాఠీ తలకెక్కదు, ఇంట్లో మరాఠీ మాట్లాడండి, అదే దారిలోకి వస్తుంది అన్నాడు.

మా అన్న ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణం నడుపుతాడు. ఎవరి పనైనా కంప్యూటర్ తెర మీద తేలిపోవాలి ఆయనకు. ఇంటికొచ్చి ఆయన కూడా తీర్పు చెప్పాడు.

"మరాఠీ తోనే దాని నోరు కరాబైంది. పరీక్షలు కాంగనే మంచిర్యాల హాస్టల్ల ఏస్త. తెలుగు మీడియం. మన భాషల పడ్డంక అదే మంచిగైతది."

ఇద్దరూ ఒకే తప్పును చెరో చివర పట్టుకుని లాగారు. ఆ లాగుడులో పిల్ల పోయి ఏటి అవతల, తెలుగు రాష్ట్రంలో పడబోతోంది. ముక్కూ మొహం తెలియని వార్డెను, వేళకు మెట్లబావి దగ్గర స్నానాలు, రోడ్డు దాటి బడి. నీళ్లలోనో రోడ్డు మధ్యలోనో అలా ఆగిపోతే దాన్ని చూసుకునే దిక్కుండదు. ఇది నాకు అప్పుడే తెలియలేదు. హాస్టలు మాట ఫోన్‌లో విన్నాను గానీ పిల్ల ఆగడం నేనింకా చూడలేదు.

నేనుండేది నాగేపల్లిలో. పక్కనే అహేరిలో జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. వీలైన ఆదివారాల్లో జిమల్‌గట్ట మీదుగా బస్సులో ఎముకలన్నీ విడివిడిగా లెక్కకొచ్చేలా ఊగుతూ సిరోంచకు వచ్చేదాన్ని. అంతకు ముందు హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో చాలా ఏళ్లు ఎలుక మెదడు ముక్కలతో కాపురం చేశాను. మా చుట్టాలకు ఆ పని ఏమిటో చెప్పే ప్రయత్నం ఎప్పుడో మానేశాను. ఎలుకల మందు కంపెనీలో చేసిందని ఒక పెద్దమ్మ ఇప్పటికీ చెబుతూ తిరుగుతుంది.

ఆ పని ఇది. మెదడు కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొరలో ప్రొటీన్లతో కట్టిన తలుపులుంటాయి. సోడియానికి వేరే తలుపు, పొటాషియానికి వేరే, కాల్షియానికి వేరే. వీటినే అయాన్ ఛానెళ్లు అంటాం. కాల్షియం కణం బయట దండిగా ఉంటుంది, లోపల దాదాపుగా ఉండదు. ఉన్న కాస్తనూ కణం పనిగట్టుకుని బయటికి తోస్తూనే ఉంటుంది. లోపల అంత ఖాళీగా ఉంటేనే, తలుపు తెరుచుకున్న క్షణాన వచ్చే కొద్దిపాటి కాల్షియం ఒక కబురవుతుంది. ఆ కబురు విని కణం పక్క కణానికి రసాయనం పంపుతుంది, కొత్త ప్రొటీన్లు కట్టుకుంటుంది, ఒక్కోసారి చచ్చిపోవాలని కూడా తేల్చుకుంటుంది. వెంట్రుక కన్నా సన్నని గాజు గొట్టం కొసను కణానికి ఆనించి, ఆ తలుపు తెరుచుకోవడం తెర మీద గీతగా చూసేదాన్ని. కాల్షియం తగిలితే వెలిగే రంగు వేస్తే కణం ఒక్కసారి ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయేది. అది చూస్తే నాకు ఎన్నడూ విసుగు పుట్టలేదు. మనుషుల గురించి ఆ మాట అనలేను.

నేను ఎక్కువగా చూసినవి మెదడు నడిమధ్యన ఉండే థాలమస్ కణాలు. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది అంతా అక్కడి మీదుగానే పై మెదడుకు పోవాలి. ఆ కణాల్లో ఒక రకం కాల్షియం తలుపులున్నాయి, మహా తేలికైనవి, చిన్న కదలికకే తెరుచుకుంటాయి. మనం నిద్రపోయేటప్పుడు అవి ఒక లయలో తెరుచుకుంటూ మూసుకుంటూ బయటి ప్రపంచాన్ని పైకి పోనివ్వవు. అది మంచి పనే. కొందరు పిల్లల్లో మాత్రం ఆ నిద్ర లయ పట్టపగలు, మెలకువలో, కొన్ని క్షణాలపాటు మొదలవుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి. ప్రపంచం లోపలికి రాదు. ఇదీ మూర్ఛలో ఒక రకమే.

చలికాలంలో ఒక ఆదివారం పొద్దున పెరట్లో కూర్చున్నాను. ఇంట్లో గ్యాసుంది, కానీ స్నానాల నీళ్లకు గ్యాసు తగలేయడం మా ఇంటావంటా లేదు. వదిన కట్టెల పొయ్యి మీద నీళ్లు పెట్టి, మంట అందుకోకపోతే పిల్లను ఊదమంది. పిల్ల ఇనుప గొట్టం నోటికి పెట్టుకుని బుగ్గలు పొంగించి ఊదింది, మళ్లీ మళ్లీ ఊదింది. ఉన్నట్టుండి చేత్తో పట్టి ఆపిన ఊయలలాగా ఆగిపోయింది. గొట్టం పెదవుల దగ్గరే ఉంది, చూపు ఎక్కడా లేదు, రెప్పలు కొట్టుకుంటున్నాయి. ఒళ్లు మెల్లగా ముందుకు వాలుతోంది, జడ నిప్పుల మీదికి జారుతోంది. నేను లేచి రెండు చేతులా పట్టి వెనక్కి లాగాను. ఇంకాసేపటికి పిల్ల నా ఒళ్లో కూర్చునే గొట్టంలోకి ఊదడం మొదలుపెట్టింది. పొయ్యి ఎదురుగా లేదని అప్పుడు చూసుకుని నావైపు వింతగా చూసింది.

"చూసినవా," అంది వదిన. "ఎప్పుడు పొయ్యి ఊదుమన్నా గిట్లనే నిద్రపోతది. పనిదొంగ."

"ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూనే. కూరగాయలు కోయమంటే మంచిగనే కోస్తది. ఊదుమంటెనే దీని వేషాలు."

గట్టిగా, వరసపెట్టి ఊపిరి ఊదేస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, తగ్గుతుంది. ఆ జబ్బున్న పిల్లలు ఆగిపోవడానికి అంత చాలు. డాక్టర్లు ఇలాంటి పిల్లల చేతికి కాగితం ముక్కిచ్చి ఊదమనేది ఇందుకే. మా వదిన ఏ డాక్టరూ లేకుండా రోజూ తెల్లవారగానే ఆ పరీక్ష జరిపిస్తోంది, పైగా నిప్పుల ముందర. వచ్చిన ఫలితానికి పనిదొంగ అని పేరు పెట్టింది.

మధ్యాహ్నం అన్నను కూర్చోబెట్టి ఆయన ఎదుటే పిల్లకు పేపరు ముక్క ఇచ్చి ఊదమన్నాను. కొంతసేపటికి పేపరు రెపరెపలాడ్డం ఆగింది. అన్న "బిడ్డా, బిడ్డా" అని పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పేపరు ఆడింది. అన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మాట యాదికొస్తలేదేమో," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేనేం మాట అడిగిన అన్నా? ఊదుమన్న. ఊదుడు ఏ భాషల ఉంటదో జర చెప్పు."

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. తలుపుల సంగతి, కాల్షియం సంగతి, నిద్ర లయ సంగతి. నా కాలేజీ పిల్లలకు కూడా అంత ఓపికగా చెప్పలేదు. అన్న బుద్ధిమంతుడిలా తలూపుతూ విన్నాడు. ఆయన తలూపాడంటే ఏమీ ఎక్కలేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"అంటే కాల్షియం ఎక్కువైంది. పాలు బంద్ చేద్దామా?"

వదిన వెంటనే అందుకుంది. ఆమె పుట్టిల్లు జిమల్‌గట్ట.

"మా దిక్కు అడివి ఊర్లల్ల ఆవుపాలు పిండనే పిండరు. దూడకే ఇడుస్తరు. వాళ్ల పోరగాళ్లకు గిసొంటియి నేనైతే చూడలే."

అంతే, ఆ రోజు సాయంత్రానికే పిల్లకు పాలు, పెరుగు బందయ్యాయి. కాల్షియం ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు, తలుపు బుద్ధి బాగాలేదు అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. "ఇంటి గడియ సరిగ పడ్తలేదంటే గడియ బాగుచేపిస్తవా, బజార్ల తిరిగే జనాన్ని తక్కువ చేస్తవా?" అని అడిగాను. అన్న ఈసారి కూడా తలూపాడు.

చివరికి ఆ జబ్బుకు మావాళ్లకు తెలిసిన పేరు చెప్పక తప్పలేదు. ఇది ఫిట్స్‌లో ఒక రకం అన్నాను. అన్న ముఖం మాడిపోయింది. లేచి వీధి తలుపు మూసి వచ్చాడు.

"గా మాట మళ్ల అనకు చెల్లె. బడిల తెలిస్తే దాని పక్కకు ఎవ్వలు కూసోరు. నేను డాక్టర్‌కు చూపిస్త. ఇగ నువ్వు పరేషాన్ గాకు."

తర్వాత కాలేజీలో పరీక్షల పని పడి చాలా ఆదివారాలు రాలేకపోయాను. ఫోన్ చేస్తే మందు నడుస్తోంది అనేవాడు. ఏ డాక్టరు అంటే, మంచి డాక్టరే అనేవాడు.

మళ్లీ వచ్చిన రోజున పిల్ల అన్నానికి కూర్చుంది. ముద్ద కలిపి ఎత్తింది, నోటి దాకా రాకుండానే చెయ్యి ఆగింది. తిరిగి కదిలింది. ఇంకో ముద్దకు మళ్లీ ఆగింది. ఆ ఒక్క భోజనంలో అది ఎన్నిసార్లు వెళ్లి ఎన్నిసార్లు వచ్చిందో, లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాను. ఇంతకుముందు పూటకోసారి జరిగేది ఇప్పుడు మాటకోసారి జరుగుతోంది. సారు దాన్ని చివరి బెంచీకి మార్చాడని, స్కేలు విరిగితే కొత్తది తెచ్చాడని వదిన చెప్పింది. హాస్టల్లో సీటు కూడా మాట్లాడేశారు.

అన్న నన్ను దోషిని చూసినట్టు చూశాడు.

"ఫిట్స్ అన్నవు. ఫిట్స్ మందు ఏస్తనే ఉన్న. తక్కువైతే కాలె, ఇంకా ఎక్కువైంది. అంటే నువ్వు చెప్పింది తప్పు. భాషనే."

ఏ మందో చూపించమన్నాను. దేవుడి పటం వెనక నుంచి ఒక గోలీల పట్టీ తీసి ఇచ్చాడు. వెనక అచ్చు చదివాను. ఈ గోలీ నాకు బాగా తెలుసు, వదిన వాళ్ల నాన్న ఏళ్లుగా వేసుకునేది. ఆయనకు కింద పడి కొట్టుకునే రకం మూర్ఛ. డాక్టరు దగ్గరికి పోతే నలుగురూ చూస్తారని మా అన్న మందుల దుకాణానికి పోయి, మామ గోలీయే చిన్నపిల్లకు కావాలని అడిగాడట. దుకాణమాయన సగం చేసి వేయమన్నాడట. మా ఊళ్లో జ్వరం గోలీ అంటే జ్వరాలన్నిటికీ, ఫిట్స్ గోలీ అంటే ఫిట్సన్నిటికీ. ఇంటింటికీ ఉప్పు బదులిచ్చినట్టు గోలీలు బదులిచ్చుకుంటారు, పైగా దానికి బంధుప్రేమ అని పేరు.

ఆ గోలీ మూసేది సోడియం తలుపులను. ముసలాయన జబ్బుకు అది సరిగ్గా కావలసిందే, ఆయన దాని మీదే నిలబడి ఉన్నాడు. ఈ పిల్ల జబ్బు కాల్షియం తలుపుల దగ్గరిది. ఇలాంటి పిల్లలకు ఆ గోలీ వేస్తే ఆగడాలు తగ్గకపోగా పెరుగుతాయి. మంటార్పమంటే కిరోసిన్ పోసినట్టు.

"డాక్టర్ కాడికైతే నలుగురు చూస్తరని షాపుకు పోయినవు. షాపాయనకు నోరు లేదా అన్నా?" అన్నాను.

వదిన మూలకు నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు నేను అనని మాట లేదు. ఇద్దరినీ కలిపి తిట్టాను, విడివిడిగా తిట్టాను, వాళ్ల హాస్టల్ని తిట్టాను, ఇంట్లో లేని సారుని తిట్టాను. పిల్ల గడపలో కూర్చుని మమ్మల్ని చూస్తోంది, మధ్యమధ్యలో చూడడం లేదు. ఉన్నపళంగా గోలీ ఆపితే మరో ముప్పు కాబట్టి ఆపనివ్వలేదు. తెల్లవారగానే పిల్లనూ అన్ననూ వెంటబెట్టుకుని ఏటి మీది వంతెన దాటి వరంగల్ బయల్దేరాను. బస్సులో అన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అక్కడి డాక్టరమ్మ పిల్ల తలకు తీగలు అంటించి పడుకోబెట్టింది. తెర మీద గీతలు గజిబిజిగా నడుస్తున్నాయి. కాగితం గాలిమర చేతికిచ్చి ఊదమంది. పిల్ల ఊదింది. కాసేపటికి ఆ గజిబిజి అంతా ఒక్కసారి సర్దుకుని, ప్రతి గీతా ఒకే తీరున, ఒక మొన, ఒక అల, సెకనుకు మూడు చొప్పున, అచ్చులో పోసినట్టు నడవసాగింది. గాలిమర ఆగింది. డాక్టరమ్మ పిలిచింది, చిటికెలు వేసింది, చెయ్యి గిల్లింది. పిల్ల రాలేదు. అలలు ఆగాయి, పిల్ల వచ్చింది, గాలిమర తిరిగింది.

నేను ఏళ్ల తరబడి ఒక్కో కణంలో చూసి ఎంతో ముచ్చటపడిన లయ అది. ఆ పిల్ల తల మొత్తం అదే నడుస్తుంటే కళ్లనీళ్లు ఆగలేదు. సంతోషంతో కాదు, కోపంతో. ఆ అలలు నడిచినంతసేపూ లోకం ఆ పిల్లను పిలుస్తూనే ఉంది, పిలిచి పలకలేదని శిక్షిస్తూనే ఉంది.

అన్న తెరనే చూస్తూ నిలబడ్డాడు. కంప్యూటర్ తెర మీద కనిపించింది కాబట్టి నమ్మాడు.

"గింత జరుగుతుందా లోపట," అన్నాడు మెల్లగా.

డాక్టరమ్మ పాత గోలీని మెల్లమెల్లగా తగ్గించి తీసేసింది. కాల్షియం తలుపులను శాంతపరిచే సిరప్ రాసింది. మావైపు దొరకదు, వరంగల్ నుంచే తెప్పించుకోవాలి. పొయ్యి దగ్గరికి, నీళ్ల దగ్గరికి ఒంటరిగా పోనివ్వొద్దని చెప్పింది. పాలు తాగొచ్చా అని అన్న అడిగాడు. నేను గోడ వైపు తిరిగాను.

వేసవి సెలవులు అయ్యేసరికి ఆగడాలు బాగా తగ్గాయి, వానలు పడేనాటికి ఇక లేవు. హాస్టల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పిల్ల అదే బడిలో ఐదో తరగతికి వెళ్లింది, సారు కూడా అదే తరగతికి వచ్చాడు. ఇక మా ఊరి వాళ్ల తెలివి చూడాలి. ఇంట్లో మరాఠీ మాట్లాడమన్నాను కదా, ఇప్పుడు చూడండి ఎలా దారిలోకి వచ్చిందో అని సారు మా అన్నతో అన్నాడట. అన్న చేతులు కట్టుకుని అవునన్నాడట. మా గోలీ కాస్త ఆలస్యంగా పనిచేసింది అని దుకాణమాయన చెప్పుకుంటున్నాడు. వదిన మాత్రం నడుమ కొన్నాళ్లు పాలు మాన్పించినందుకే తగ్గిందని ఇప్పటికీ నమ్ముతుంది. అందరికీ వాటా దొరికింది. సిరప్ సీసా ఒక్కటే ఏమీ అనలేదు.

నిరుడు వానాకాలంలో ఒక సాయంత్రం పిల్ల నా పక్కన కూర్చుని బడి కబుర్లు చెబుతోంది. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా చెబుతోంది. అన్న అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"మా సార్ మస్తు మంచిగయ్యిండు అత్తమ్మా," అంది.

"ఎట్ల?"

"ఇదివరకు ఏం అడగకుండనే కొట్టేటోడు. ఇప్పుడు ముందుగాల ప్రశ్న అడుగుతుండు. నేను జవాబ్ చెప్తున్న. కొడ్తలేడు."

అన్న ఫోన్ పక్కన పెట్టాడు. ప్రశ్నలు దాని దాకా రాలేదు, దెబ్బలు మాత్రం వచ్చాయి.

"మరి అప్పుడు అడగకపోయినవా బిడ్డా, ఎందుకు కొడ్తున్నరని? నాన్ననన్నా అడగకపోయినవా?"

పిల్ల ఆశ్చర్యంగా చూసింది, అంత తెలిసిన అత్తకు ఇది తెలియదా అన్నట్టు.

"ఎందుకు అడుగుత? దెబ్బలు అందరికీ గట్లనే పడ్తయేమో అనుకున్న."